మందు అక్కర్లేని పురుగు

దర్శిలో నాకు పురుగుమందుల కొట్టు ఉంది. పెట్టి పాతికేళ్ళ పైమాటే. ఇన్నేళ్ళలో నా బల్ల మీదికి వచ్చినన్ని పురుగులు ఏ కాలేజీ వాళ్ళ బల్ల మీదికీ వచ్చి ఉండవు. మా వైపు రైతుకి చేలో ఏదన్నా కొత్తగా కనపడితే ముందు దాన్ని పట్టుకుని కొట్టుకి తెస్తాడు. అగ్గిపెట్టెలో తెస్తారు, పాలిథిన్ కవర్లో తెస్తారు, ఖాళీ బ్రాందీ సీసాలో కూడా తెస్తారు. ఒకాయన చొక్కా జేబులో వేసుకొచ్చాడు. తీరా చూస్తే జేబులో పురుగు లేదు. అది ఒంటి మీద ఎక్కడ తిరుగుతోందోనని భయపడి కొట్టు మధ్యలోనే చొక్కా విప్పేశాడు.

నేను కళ్ళజోడు సర్దుకుని ఒక్క చూపు చూసి పేరు చెప్పేవాణ్ణి. శనగపచ్చ పురుగు, లద్దె పురుగు, పత్తి కాయలో దూరే గులాబీ రంగు పురుగు. పేరు నోట్లోంచి వచ్చేలోపే చెయ్యి వెనక అరలోకి పోయి సీసా తీసేది. తెలియదు అనే మాట నా బల్ల దాటి అవతలికి ఎప్పుడూ పోలేదు. ఆ విషయంలో నాకు బాగానే పొగరుండేది. ఇప్పటికీ పూర్తిగా పోయిందని చెప్పను.

దాన్ని కొంత దించింది మాత్రం నల్ల తామర పురుగు. నువ్వుగింజలో సగం కూడా ఉండదు. మిరప పూత విప్పి చూస్తే లోపల నల్లగా గుంపులు గుంపులుగా ఉండేవి. పూత రాలింది, కాయ వంకర పోయింది, చేలకు చేలు ముడుచుకుపోయాయి. ఏ మందుకీ లొంగలేదు. కొన్నాళ్ళు ఇది కాకపోతే అది అని ఇచ్చాను. తర్వాత ఇవ్వబుద్ధి కాలేదు. వచ్చినవాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్క హోటల్ నుంచి టీ తెప్పించి, ఇంక కొట్టొద్దు, ఇంటికెళ్ళి చేను పీకేసుకోండి అని చెప్పేవాణ్ణి. గొడవ చేసినవాళ్ళు కూడా ఎవరూ లేరు. టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

అలా వెళ్ళినవాళ్ళలో ఒక ఆవిడ ఉంది. వాళ్ళ ఊరు దర్శికి బండి మీద అరగంట. చర్చి పక్క వీధిలో ఇల్లు. భర్త పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర పని చేస్తాడు, ఎప్పుడో నెలకొకసారి వచ్చి పోతాడు. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప తనే వేస్తుంది. నన్ను అన్నా అని పిలుస్తుంది. బేరం ఆడదు గానీ, సీసా మీద తారీఖు చదవకుండా సంచిలో వేసుకోదు. ఇలాంటి వాళ్ళంటే నాకు మొదట్లో చిరాకుగా ఉండేది, రానురాను గౌరవం పుట్టింది.

తామర పురుగు వచ్చిన మరుసటి ఏడు, అక్టోబరులో ఒక పొద్దున ఆవిడ వచ్చి నా బల్ల మీద స్టీలు టిఫిన్ డబ్బా పెట్టింది. మూతకి మేకుతో చిల్లులు పొడిచి ఉన్నాయి. మూత తీసి చూశాను. లోపల ఆకుల మధ్య నా బొటనవేలంత లావు, చూపుడువేలంత పొడుగున్న పురుగు. లేత అరిటాకు రంగు. ఒంటి నిండా వరసగా పసుపుపచ్చ బొడిపెలు, ఒక్కో బొడిపె మీద కాసిని వెంట్రుకలు. డబ్బా కాస్త కదలగానే ముందు సగం పైకెత్తి, ఫొటో తీయించుకుంటున్న పెళ్ళికొడుకులా బిగుసుకుపోయింది.

నాకు దాని పేరు తెలియలేదు. చెయ్యి అరలోకి పోలేదు. సిగ్గుపడాల్సింది పోయి, ఎందుకో విపరీతంగా సంతోషం వేసింది. ఇన్నేళ్ళూ నేను చూసిన పురుగులన్నీ చంపడానికి చూసినవే. ఇది మాత్రం చూస్తుంటే ఇంకాసేపు చూడాలనిపించింది. ఎక్కడ దొరికిందని అడిగాను. కంచెకి ఉన్న గుంపెన చెట్ల మీద చాలా ఉన్నాయని, రెండు మాత్రం మిరప సాళ్ళలో నేల మీద కనపడ్డాయని చెప్పింది. చెప్పేటప్పుడు నా మొహం వంక తప్ప డబ్బా వంక చూడలేదు.

డబ్బాలో ఉన్నది గుంపెన ఆకే. సగానికి పైగా కొరికేసి ఉంది. మా వైపు వ్యవసాయ శాఖలో పని చేసే కుర్ర అధికారి ఒకాయన నాకు తెలుసు. ఫొటో తీసి ఆయనకి పంపాను. ఆయన జవాబు వచ్చేదాకా ఆగకుండా, ఇది చెట్ల మీద బతికే పురుగమ్మా, దీనికి మందూ గిందూ ఏం వద్దు, హాయిగా ఇంటికెళ్ళు అన్నాను. అనడమే కాదు, ఆ సంతోషంలో హోటల్ కుర్రాణ్ణి కేకేసి రెండు టీలు తెప్పించాను. ఆవిడ గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత తాగేసి, డబ్బా సంచిలో పెట్టుకుని, గబగబా వెళ్ళిపోయింది. బస్సు టైమయిందేమో అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నానికి వెళ్దామని షట్టరు సగం దించుతుండగా ఆ ఊరి ట్రాక్టరు డ్రైవరు యూరియా కోసం వచ్చాడు. వచ్చీ రాగానే, "ఏందన్నా, మళ్ళీ మొదలైందంటగా?" అన్నాడు. ఏంటి మొదలైంది అన్నాను. ఆవిడ ఇంకో ఇద్దరిని పెట్టుకుని చేను పీకేస్తోందని చెప్పాడు. ఎవరు పీకమన్నారయ్యా అని నేను గట్టిగానే అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"మీరే గదన్నా. టీ ఇప్పించారంటగా."

అప్పుడు తెలిసింది నాకు. తామర పురుగు ఏడు నా బెంచీ మీద కూర్చుని టీ తాగినవాళ్ళంతా ఇంటికెళ్ళి చేలు పీకినవాళ్ళే. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు బయటికొచ్చి, ఇంటికి తీసుకెళ్ళండి, ఏది అడిగితే అది పెట్టండి అంటే ఇంట్లోవాళ్ళకి ఏమర్థమవుతుందో, నా కొట్టులో టీ వచ్చినా రైతుకి అదే అర్థమవుతుందట. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. టీ డబ్బులు ఇచ్చుకున్న నాకొక్కడికే తెలియదు.

ఆవిడకి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ట్రాక్టరు ఆయన్ని అక్కడే వదిలేసి బండి తీశాను. వానలకి ఆ దారంతా గుంటలే. నల్లరేగడి చక్రాలకి పట్టేసి బండి ముందుకి రానంటోంది. రెండు పక్కలా పత్తి, మిరప, మళ్ళీ పత్తి. మంచి చేలు. ఆ ఏడు మిరప నిజంగానే బాగుంది. పూత మీదున్న చేను ఒక చెయ్యి వేసి లాగితే వచ్చేస్తుంది, మళ్ళీ రెణ్ణెల్లు పడుతుంది ఆ ఎత్తు పెరగడానికి. అందులోనూ ఆవిడ పని మొదలుపెడితే ఆగే మనిషి కాదు. నేను వెళ్ళేసరికి ఏమీ మిగలదేమోనని భయం వేసింది. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. బయటికే తిట్టుకున్నాను, మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి మరీ చూశాడు.

కంచె వైపు నుంచి మొదలుపెట్టారు. ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. కొన్ని సాళ్ళు అప్పటికే ఖాళీ అయిపోయాయి. పీకిన మొక్కలు గట్టు మీద కుప్పలుగా ఉన్నాయి. తెల్లగా పూత, వేళ్ళకి తడి మట్టి. గట్టు మీంచే ఆపమని కేక పెట్టాను. ఆడవాళ్ళిద్దరూ ఆగారు. ఆవిడ మాత్రం చేతిలో ఉన్న మొక్క లాగేసి, అప్పుడు నడుము పైకెత్తింది.

"ఇంత దూరం ఎందుకొచ్చారన్నా? సీసా తియ్యలేదు, టీ ఇప్పించారు, ఇంటికెళ్ళమన్నారు. పోయినేడూ ఇంతే గదా."

టీ బాధతో ఇప్పించింది కాదమ్మా, సంతోషంతో ఇప్పించాను అన్నాను. పురుగుని చూసి సంతోషమేంటని అడిగింది. ఈలోగా అధికారి దగ్గర నుంచి జవాబు వచ్చి ఉంది. ఫోను తీసి చదివాను. అది కొండ అడవుల్లో ఉండే పెద్ద రెక్కల పురుగు పిల్ల అట. గుంపెన, నేరేడు, మద్ది, బాదం లాంటి చెట్ల ఆకు తింటుంది, మిరప జోలికి, పత్తి జోలికి రాదు. పెద్దదయ్యాక ఎలా ఉంటుందో బొమ్మ కూడా పంపాడు. ఆవిడ బొమ్మ వంక చూసి ఫోను తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఫోన్లో బొమ్మని నమ్మి ఎట్టా వదిలేదన్నా. పోయినేడు చూద్దాం చూద్దామని ఆగి ఆగి శనగ అదును కూడా పోయింది. ఇప్పుడు పీకితే శనగన్నా పడుద్ది."

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అక్టోబరు దాటితే శనగ కూడా ఉండదు. కౌలు చేను, ఇంటాయన ఊళ్ళో లేడు, పోయినేడు పంట లేదు. నా మాట తప్పయితే ఆ ఇంటికి వరసగా రెండో ఏడు కూడా ఏమీ ఉండదు. నేను కొట్టుకెళ్ళి ఇంకో పురుగుకి ఇంకో సీసా అమ్ముకుంటాను. ఆ సంగతి ఆవిడ అనలేదు. నాకే గుర్తొచ్చింది.

అయితే దాన్నే అడుగుదాం అన్నాను. డబ్బా తెప్పించి, పురుగుని తీసి, పూత మీదున్న మిరప మొక్క మీద పెట్టాను. అది ఒక్క ఆకు కొరికినా మీతోపాటు నేను కూడా పీకుతానని మాటిచ్చాను. నలుగురం గట్టు మీద కూర్చున్నాం.

చాలాసేపు అది కదల్లేదు. మండుతున్న ఎండ. నాకు చెమటలు ఎండకే పట్టాయని చెప్పలేను. తర్వాత తల ఎత్తి అటూ ఇటూ ఆడించింది. ఆడవాళ్ళలో ఒకామె తింటున్నట్టుంది అని గొణిగింది. ఆవిడ లేచి వెళ్ళి మొక్క ముందు గొంతుక్కూర్చుంది. పురుగు ఆకు అంచు దాకా పోయింది, మూతి ఆనించింది, వెనక్కి తిరిగింది. కొమ్మ వెంట దిగి నేల మీదికి వచ్చింది. ఇంకో మొక్క ఎక్కింది, అక్కడా అంతే, ఆకు వాసన చూసినట్టు చూసి దిగింది. పీకేసిన ఖాళీ సాళ్ళలో మట్టిగడ్డలు ఎక్కుతూ దొర్లుతూ నడిచింది. ఒక చోట వెల్లకిలా పడితే ఆవిడే పుల్లతో లేపింది. ఆఖరికి కంచె గుంజ చేరి, దాని మీద పాకి, మొదటి గుంపెన ఆకు దొరకగానే అంచు పట్టుకుని కరకరా తినడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మా నలుగురికీ వినపడింది.

ఆవిడ కంచె దాకా వెళ్ళి దగ్గరగా చూసింది.

"ఆకలేస్తానే ఉంది దానికి. అయినా ముట్టలేదు" అంది.

లేచి, గట్టు మీద కుప్పలోంచి ఒక్కో మొక్కా ఏరి, వేళ్ళకి మట్టి ఉన్నవి వేరుగా పెట్టడం మొదలుపెట్టింది. నేను ప్యాంటు మడిచి దిగాను. పొద్దు వాలేదాకా నలుగురం తిరిగి నాటాం. నేను నాటినవి వంకరగా ఉన్నాయని ఆడవాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోనీ అనుకున్నాను. ఆ రాత్రి వాన పడింది. నాటినవాటిలో సగం బతికాయి. ఆ వానకి నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను.

అసలు కొండల్లో ఉండాల్సిన పురుగు మా పత్తి చేల మధ్యకి ఎలా వచ్చిందని నాకు అనుమానం. మా వైపు అడవి అనేది లేదు, గట్ల మీద నాలుగు తుమ్మలూ వేపలూ తప్ప. ఆ కంచె సంగతి ఆవిడే చెప్పింది. వాళ్ళ అత్తగారు కనిగిరి అవతల కొండ కింద ఊరి మనిషి. ఆ చేను వాళ్ళదిగా ఉన్నప్పుడు కంచెకి గుంజలు కావాల్సి వస్తే పుట్టింటి నుంచి బండి నిండా గుంపెన కొమ్మలు కొట్టించి తెచ్చి పాతిందట. గుంపెన కొమ్మ నేలలో దిగేస్తే చాలు, చిగురు వేస్తుంది. పాతిన గుంజలన్నీ చెట్లయ్యాయి. చేను చేతులు మారినా కంచె అలాగే ఉంది. అడవి ఉన్న చోటు విడిచి ఎక్కడికీ పోదనుకుంటాం గానీ, ఆ అత్తగారు ఎడ్ల బండి మీద కొంచెం తెచ్చి పెట్టింది. పురుగు వెతుక్కుంటూ వచ్చేసింది. ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. ఉంటే వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టేవాణ్ణి.

ఆవిడ ఒక పురుగుని వెదురు బుట్టలో వేసి, రోజూ గుంపెన రెమ్మలు మార్చి పెంచింది. అది నాలుగు ఆకులు దగ్గరికి లాక్కుని, లోపల గోధుమరంగు కాగితం లాంటి గూడు అల్లుకుని దాక్కుంది. నవంబరులో ఒక ఆదివారం పొద్దున ఫోను వచ్చింది, చర్చికి వెళ్ళేలోపు రమ్మని. వెళ్ళాను.

వరండాలో బుట్ట కమ్మీకి అది వేలాడుతోంది. లేత ఆకుపచ్చ రెక్కలు, ఒక్కో రెక్క నా అరచేతిలో సగం ఉంది. ముందు అంచున ముదురు వంగపండు రంగు గీత, ఒంటి మీద తెల్లటి నూగు, వెనక పొడుగాటి తోకలు రెండు, కొస దగ్గర మెలి తిరిగి ఉన్నాయి. బుట్ట బయట గోడ మీద ఇంకొకటి, కాస్త చిన్నది. అది రాత్రి ఎక్కడి నుంచో వచ్చిందని ఆవిడ చెప్పింది. మగది అయి ఉంటుంది. ఆడదాని వాసన పట్టుకుని ఎంతో దూరం నుంచి వస్తాయవి. నేను పత్తి రైతులకి అమ్మే ఎర బుట్టల్లో ఉండేదీ అలాంటి వాసనే. మగవాటిని రప్పించి చంపడానికి దాన్ని చిన్న రబ్బరు ముక్కలో పెట్టి ఇస్తాం. ఆ వాసనకి నిజంగా వచ్చినది గోడ మీద క్షేమంగా కూర్చుని ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

మొహం దగ్గరగా పెట్టి చూశాను. దానికి నోరు లేదు. అధికారిని అడిగితే నిజమేనన్నాడు. రెక్కలొచ్చాక ఇంకేమీ తినదట, వారం రోజులు బతికి గుడ్లు పెట్టి పోతుందట. తినేదాన్ని ఎలా చంపాలన్నదే నా బతుకంతా. అసలు తినని ప్రాణి నా ఎదురుగా గాలికి మెల్లగా రెక్కలాడిస్తోంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూసింది, చూడనట్టు బుట్ట సర్దింది. ఆ పొద్దున నన్ను పిలవాలని ఆవిడకి తోచినందుకు నేను ఈ రోజుకీ కృతజ్ఞుణ్ణి. పిలవకపోతే అడిగేవాణ్ణి కూడా కాదు.

అప్పటి నుంచి డబ్బాలో ఏదన్నా కొత్త పురుగు వస్తే చేను చూడకుండా మందు ఇవ్వడం మానేశాను. కొట్టు కాసేపు మూతపడుతుంది, మా ఆవిడ విసుక్కుంటుంది. టీ మాత్రం అందరికీ ఇప్పిస్తున్నాను, పంట బాగున్నవాళ్ళకి కూడా, కావాలనే. టీ అంటే ఊళ్ళలో ఉన్న భయం పోగొట్టడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ ఏడు మిరప కోతలయ్యాక ఆ ఊరి చర్చిలో కోత పండుగ చేశారు. ఎవరి పంటలో మొదటి ఫలం వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు, తర్వాత వేలం పాడతారు. ఆవిడ రమ్మంటే వెళ్ళాను. నేను గుడికే సరిగ్గా వెళ్ళే మనిషిని కాను, చర్చిలో ఎక్కడ కూర్చోవాలో తెలియక వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ముందంతా ఎండుమిరప బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. మిరప ఘాటుకి పాటలు పాడేవాళ్ళు మధ్యమధ్యలో దగ్గుతున్నారు. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పమన్నారు. ఆ ఏడు దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెబుతారు. ఆవిడ లేచింది. పంట గురించి, పురుగు గురించి చెబుతుందనుకున్నాను.

"నల్లతామర ఏడు రెండెకరాలూ నేనొక్కదాన్నే పీకాను. ఎవరి చేను వాళ్ళు పీక్కుంటన్నారు, ఎవరొస్తారు? ఈ ఏడు నేను పీకుతుంటే, ఆపమ్మా అని కేకలేసుకుంటా ఒక మనిషి పొలానికొచ్చాడు. పంట రాకపోయినా నేనీ సాక్ష్యం చెప్పేదాన్నే. ఆ మనిషిని పంపించినందుకు దేవుడికి స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. కొందరు వెనక్కి తిరిగి చూశారు. నేను లేచి నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. ఒక్కతే రెండెకరాలు పీకిందన్న సంగతి ఆ క్షణం దాకా నాకు తెలియదు. ఆ ఏడు నేను టీ ఇప్పించాక వాళ్ళంతా ఇంటికెళ్ళి ఏం చేశారో ఎప్పుడూ అడగలేదు. పాస్టరు గారు రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆవిడ వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, అలాగే కూర్చున్నాను.